గౌరీశ్వరి ఎండావకాయ

మల్కాపురంలో గౌరీశ్వరి గుమ్మం ముందు మేకలు ఆగేవి కావు. పక్కింటి ముందు ఆగేవి, ఎదురింటి ముందు ఆగేవి, ఈ గుమ్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం తలెత్తి కూడా చూడకుండా సాగిపోయేవి. ఆగి ఏం లాభం? ఆ ఇంట్లోంచి తొక్క బయటికి రాదు, తొడిమ బయటికి రాదు. ఆనపకాయ తెచ్చిందంటే కండ పులుసులోకి, తొక్క పచ్చడిలోకి, గింజలు వేయించి పిల్లల చేతుల్లోకి పోవాల్సిందే. అరటికాయ తొక్కల్ని సన్నగా తరిగి వేపుడు చేసేది. బియ్యం కడిగిన నీళ్లతో చారు కాచేది. వార్చిన గంజిలో ఉప్పు వేసి పొద్దున్నే అందరి చేతా తాగించేది. చుట్టుపక్కల ఆడవాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేది గౌరీశ్వరి. ఆ నవ్విన వాళ్లే శ్రావణ మాసంలో ముసురు పట్టగానే గిన్నె చేత పట్టుకుని, "కాస్త పచ్చడుంటే ఎట్టవే" అని తన గుమ్మంలోకే వస్తారని ఆమెకు తెలుసు.

ఆమె పుట్టింది తగరపువలస దగ్గర ఒక పల్లెలో. ఏ కాలంలో ఏది విరివిగా దొరుకుతుందో అప్పుడే దాన్ని పట్టి దాచాలన్నది తల్లి దగ్గర నేర్చుకున్న చదువు. వేరే చదువేం లేదు. చలికాలంలో బూడిద గుమ్మడికాయలు చవకబడితే వడియాలు పెట్టేది. టమాటాల్ని ఎవరూ కొనని రోజు చూసి తెచ్చి, కోసి, ఉప్పు చల్లి ఎండబెట్టేది. నెత్తళ్ల చేపలు బాగా పడ్డ రోజున రేవుకి నడిచి వెళ్లి గంపెడు తెచ్చి, ఇసుక అంటకుండా పాత వలముక్క మీద పరిచేది. వేసవి వచ్చిందంటే మామిడికాయ. వానాకాలం నాలుగు నెలలూ ఆ ఇల్లు బతికేది ఆ జాడీల మీద, మూటల మీదే.

భర్త గురునాథరావు ఆమెకు స్వయానా మేనమామ. విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందిట, చెయ్యీ కాలూ బాగున్న వాడికల్లా ఉద్యోగమేట అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని పల్లె విడిచి ఈ మల్కాపురం వచ్చాడు. శంకుస్థాపన రాయి పడి ఎనిమిదేళ్లు దాటినా ఫ్యాక్టరీ పొగ మాత్రం లేవలేదు. ఈలోగా పెళ్లాన్నీ, పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్నీ పోషించాలి కదా. పోర్టులో కళాసీగా చేరి ఓడల్లోంచి దిగిన బస్తాలు మోసేవాడు. పని ఉన్న రోజున కూలి, లేని రోజున మంచినీళ్లు.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వేసవి మొదట్లో, భుజాన బస్తా ఉండగా తడిసిన చెక్క మీద అతని కాలు జారింది. తొడ ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టి, దసరా దాకా కాలు నేల మీద మోపడానికి వీల్లేదని చెప్పి పంపేశారు. మనిషి మంచం మీద పడ్డాడు. ఆ రోజు నుంచి ఇంటికి రావాల్సింది ఏదీ రాలేదు.

గౌరీశ్వరి రెండిళ్లలో పిండి దంపి, బట్టలు ఉతికి బియ్యం తేవడం మొదలుపెట్టింది. ఆ బియ్యం నలుగురికీ బొటాబొటీగా సరిపోతాయి. కూరకీ పప్పుకీ మాత్రం దారి లేదు. కూర కొనాలంటే అందులోంచి బియ్యం అమ్ముకోవాలి. బియ్యం తగ్గితే ఒక కడుపు మాడాలి. ఎటు నుంచి లెక్క వేసినా ఒక మనిషి ఎక్కువగానే తేలేది.

ఆ సంగతి పక్క గదిలో ఉండే మెహరున్నీసాకి చెప్పకుండానే తెలిసింది. వాళ్లది విశాఖలోనే, పాత ఊరనే పేట. భర్త నిసార్ దర్జీ. ద్వారకా నగర్‌లో పెద్దిళ్ల వాళ్లకు జాకెట్లు కుట్టి ఇచ్చి వస్తుంటాడు. ఒక సాయంత్రం మెహరున్నీసా వచ్చి గుమ్మంలో కూర్చుని, చెప్పాలా వద్దా అని కాసేపు గింజుకుని, చివరికి చెప్పింది.

"గౌరక్కా, కోపం సెయ్యకు. ద్వారకా నగర్‌లో ఆదిలచ్చమ్మగారని ఉన్నారు. ఇంట్లో సాయానికి ఆడపిల్ల కావాలంట. మూడు పూటలా అన్నం పెడతారు, బట్టలు ఇత్తారు. కూతురులాగ సూసుకుంటామన్నారు. తాయారుని పంపుతావేటి?"

తాయారు పెద్దమ్మాయి. పదకొండేళ్లు నిండాయి. రెండోది నూకాలుకి అయిదు. కూతురిలా చూసుకుంటామనే ఇళ్లలో కన్నకూతుళ్లు అంట్లు తోమడం గౌరీశ్వరి ఎక్కడా చూడలేదు. "నా కూతుర్ని నానే సూసుకుంటాను మెహరూ" అంది. కోపం చేయలేదు గానీ, లేచి చేట అందుకుంది. మెహరున్నీసా వెళ్లాక చూస్తే తాయారు పొయ్యి దగ్గర కూర్చుని, వెలగని పుల్లల్ని అదే పనిగా ఎగదోస్తోంది. మొత్తం వినేసిందన్నమాట.

"అమ్మా, నన్ను పంపేత్తావేటి?"

"పంపను" అంది గౌరీశ్వరి. "మామిడికాయలొత్తన్నాయి కదే. పెద్ద జాడీ నిండా ఎండావకాయ పెట్టీసినామనుకో, దసరా దాకా మనకి కూరక్కర్లేదు. జాడీ నిండిందా, నువ్వు నా కాడే ఉంటావు. ఒట్టు."

కన్నతల్లి పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

ఎండావకాయ ఆ వైపు ఊళ్ల పచ్చడి. మామూలు ఆవకాయకి జాడీలు నిండేటంత నూనె పోయాలి, లేనివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎండావకాయకి అంత నూనె అక్కర్లేదు. ముక్కలకి ఆవపిండీ కారం ఉప్పూ పట్టించి మూడు రోజులు ఊరనిచ్చి, ఊరిన ముక్కల్ని తీసి ఎండలో పరుస్తారు. జాడీలో మిగిలిన ఊటని పళ్లెంలో పోసి పక్కనే ఎండబెడతారు. సాయంత్రం ముక్కల్ని మళ్లీ ఆ ఊటలో పడేస్తారు, పొద్దున్నే మళ్లీ ఎండ చూపిస్తారు. నాలుగైదు రోజులకి ఊటంతా ముక్కలే తాగేసి తోలులా ఎండుతాయి. అప్పుడు జాడీకెత్తితే ఏడాది చెడదు. తినేటప్పుడు పైన నాలుగు చుక్కల నూనె వేసుకుంటే చాలు. ఒక్క ముక్క చప్పరిస్తూ కంచెడు గంజన్నం తినేయొచ్చు. కావలసిందల్లా మంచి ఎండ, తడి తగలని చెయ్యి.

వైశాఖంలో పెద్ద గాలి వీచింది. గాలికి తోటల్లో కాయలు రాలి ఉంటాయని గౌరీశ్వరి తెల్లారకముందే బస్సెక్కి తగరపువలస వెళ్లింది. అన్న ఎల్లాజీ ఒక ఆసామి మామిడితోటకి కాపలా ఉండేవాడు. "రాలినవి ఎవలూ కొనరు, ఏరుకు పట్టుకుపో" అన్నాడు. ఎండెక్కే దాకా వంగి గోనె నిండా ఏరింది. సగం దెబ్బ తిన్నవే. అయినా ఆమె చేతిలో దెబ్బ తిన్న కాయ అంటూ ఉండదు, దెబ్బ తిన్న ముక్క మాత్రమే ఉంటుంది. కండక్టరు గోనె చూసి గొణిగాడు. "బాబ్బాబు, ఇది మాకు కూర కాదు, నాలుగ్నెలల కూడు" అంది. అతను గోనెని సీటు కిందికి తోశాడు.

రెండు రోజులు తల్లీ కూతురూ కత్తిపీట ముందు నుంచి లేవలేదు. మంచి ముక్కలు ఎండావకాయకి. కాస్త మెత్తబడ్డవి సన్నగా చీరి ఒరుగులకి, చింతపండు బదులు పులుసులో పడతాయి. మచ్చ పడ్డ భాగాలు ఆ పూటకి పచ్చడి. టెంకల్లోని జీడి తాయారు విడిగా పోగు చేసింది. "ఎండబెట్టి దంపితే అంబలిలో కలుత్తాది కదమ్మా" అంది. ఎవరూ చెప్పకుండానే. నిరుడు చవగ్గా కొని దాచిన ఆవపిండీ కారం కలిపేటప్పుడు ఉప్పు నాలిక మీద వేసుకుని, ఇంకో చారెడు పడాలని కూడా అదే చెప్పింది. మంచం మీద నుంచి గురునాథరావు, "నిన్ను మించిపోద్ది ఇది" అని నవ్వాడు. కాలు విరిగాక అతను నవ్వడం అదే మొదలు. జాడీ అంచు దాకా నిండింది. తాయారు ఆ అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసుకుంది.

మూడు రోజుల ఊరడం అయింది. మొదటి రోజు ఎండ నిప్పులు చెరిగింది. గౌరీశ్వరి ఆకాశానికేసి చూసి మనసులోనే దండం పెట్టుకుంది. రెండో రోజు తెల్లవారుజామున నడుం నొప్పితో లేచి కూర్చుంది. దూరమైంది. నెలసరికి ఇంకా వారం గడువుండగానే, తిండి లేకో, ఒళ్లు హూనమయ్యో, ముందే వచ్చి పడింది.

దూరమైన ఆడది పచ్చడి దరికి రాకూడదు. ముట్టుకోవడం సరే సరి, నీడ కూడా పడకూడదు. ఇదేదో గౌరీశ్వరి ఒక్కదాని చాదస్తం కాదు, ఆ ఊళ్లలో అందరిదీ అదే మాట. ఆమె చిన్నప్పుడు వీధిలో ఒకావిడ అలా తెలియక జాడీ ముట్టుకుందిట. జాడీ అంతా పురుగులు పట్టిందిట. ఆ పచ్చడి తిన్న మామగారు ఆ ఏడే మంచాన పడ్డాడుట. ఆ కోడల్ని చచ్చేదాకా ఆ మాటే అన్నారు. గౌరీశ్వరికి ఈ కథ తల్లి చెప్పింది. నమ్మకమంటే నమ్మకం. ఇక్కడ కూర్చుని మనం ఎన్ని అన్నా లాభం లేదు.

అందుకే ఆమె పెరటి వైపు చూరు కింద గోనెపట్టా వేసుకుని విడిగా కూర్చుంది. వంటా వార్పూ తాయారే చేసింది. పెరట్లో చాపలు పరిచి ముక్కల్ని ఒక్కొక్కటే ఎండబెట్టింది, ఊట పళ్లేల్ని వరసగా పెట్టింది. గౌరీశ్వరి దూరం నుంచే, "అది తిరగెయ్యి, దాన్ని ఇవతలికి లాగు" అని చెబుతూ వచ్చింది. మధ్యాహ్నం తాయారు చెల్లెల్ని తీసుకుని కిరసనాయిలు వరసలో నిలబడ్డానికి రేషను షాపుకి వెళ్లింది. గురునాథరావు నొప్పికి మందు వేసుకుని నిద్రపోయాడు. మెహరున్నీసా పుట్టింట్లో పెళ్లికి పాత ఊరు వెళ్లింది.

సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది.

మొదట గౌరీశ్వరి నమ్మలేదు. ఆ వేళ మబ్బేమిటి? చూస్తుండగానే ఎండ మాసిపోయింది. గాలి చాపల అంచుల్ని ఎత్తింది. "తాయారూ!" అని కేకేసింది. "ఓలమ్మ మెహరూ!" అని అరిచింది, పెళ్లికి వెళ్లిన సంగతి మర్చిపోయి. "మావా! ఓ మావా, లెగు!" అంది. అతను లేచినా ఏం చేయగలడు? వీధి వైపు పరుగెత్తి చూసింది. ఎండకి తలుపులు వేసుకుని ఊరంతా నిద్రలో ఉంది. ఒక్క చినుకు ఆమె మోచేతి మీద పడింది. ఇంకొకటి పళ్లెంలో, ఊట మీద పడింది.

ఆ నిలబడ్డ కాస్త సేపులో ఆమె ఎంత నరకం పడిందో ఎవరికీ తెలియదు. ముట్టుకుంటే పురుగు. ముట్టుకోకపోతే వాన. ముట్టుకుంటే ఇంట్లో విరిగిన ఎముకతో ఉన్న మనిషికి కీడు. ముట్టుకోకపోతే కూతురు ద్వారకా నగర్. దేవుడా, ఎవరైనా రండి అనుకుంది. ఎవరూ రాలేదు. మూడో చినుకు, నాలుగో చినుకు, ఆ తర్వాత లెక్క లేదు. అప్పుడు గౌరీశ్వరి ఏడుస్తూ, తనను తానే తిట్టుకుంటూ చాపల మీద పడింది. రెండు చేతులతో ముక్కల్ని దొరకపుచ్చుకుని ఒళ్లో వేసుకుంది, ఊట పళ్లేల్ని ఎత్తుకు పరుగెత్తింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. వాన దంచి కొట్టేసరికి చాపల మీద ఒక్క ముక్క లేదు.

తాయారు తడిసి ముద్దయి పరుగున వచ్చింది. "అమ్మా, ముక్కలు?" అంది, రొప్పుతూ.

"లోపలున్నాయి."

"ఎవలు తీసినారు?"

"ఎవలో ఒకలు తీసినార్లే" అంది గౌరీశ్వరి. మొహం పక్కకు తిప్పుకుంది. బతుకులో మొదటిసారి కూతురితో అబద్ధమాడింది. తాయారు నిజమే అనుకుని, పళ్లెం దగ్గర కూర్చుని ఒక్కొక్క ముక్కా తడిమి చూసి, "ఏం కాలేదమ్మా!" అని సంబరపడిపోయింది.

నాలుగో రోజు తలకి పోసుకున్నాక గౌరీశ్వరి ముక్కల్ని మళ్లీ ఎండబెట్టింది. ఎండ కూడా బాగానే కాసింది. ముక్కలు ముదురు ఎరుపుకి తిరిగి, గట్టిపడి, చూడ్డానికి ముచ్చటగా తయారయ్యాయి. ఆ ముచ్చట ఆమెకు పట్టలేదు. లోపల పురుగు పుడుతూనే ఉంటుందని ఆమె గట్టి నమ్మకం. భర్తకి పెట్టలేదు, పెడితే అతని కాలు అతకదని భయం. పిల్లలకి పెట్టలేదు. పారేయనూ లేదు, తిండి పారేయడం ఆ చేతులకి రాదు. జాడీకెత్తి, గుడ్డ కట్టి, అటక మీదికి తోసేసింది. "దసరా దాకా ఊరాలి, ఎవలూ ముట్టకండి" అంది. ఎండావకాయ అంతకాలం ఊరనక్కర్లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె మొహం చూసి ఎవరూ అటక జోలికి పోలేదు.

మెహరున్నీసా పెళ్లి నుంచి తిరిగొచ్చిన రోజునే వెళ్లి, "తాయారుని పంపుతాను" అని చెప్పింది.

తాయారు ఏడవలేదు. గౌను మూట కట్టుకుంటూ ఒక్క మాట అడిగింది. "జాడీ నిండింది కదమ్మా?"

"అది సాలదు" అంది గౌరీశ్వరి.

పిల్ల అటక వైపు చూసింది. తన వేలితో అంచు తడిమిన జాడీ అది. ఎందుకు చాలదో అడగలేదు. మెహరున్నీసా వెంట బస్సు దాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరక్కుండా ఎక్కేసింది.

ఆ వానాకాలం ఎలా గడిచిందో చెప్పాలంటే నాకే విసుగు, కోపం. గంజి, ఉప్పు, ఎండుమిరపకాయ. మళ్లీ గంజి, ఉప్పు, ఎండుమిరపకాయ. ఒరుగులు ఆషాఢం దాటకుండానే అయిపోయాయి. నూకాలు అటక వైపు చూసి, "అమ్మా, కొంచెం పచ్చడెట్టవా" అని ఏడ్చేది. గౌరీశ్వరి దాని వీపు మీద ఒకటి వేసి, తర్వాత పెరట్లోకి పోయి తనూ ఏడ్చేది. తల్లి చేతికందేంత ఎత్తులో జాడీడు తిండి ఉంది. కింద పిల్ల ఆకలికి ఏడుస్తోంది. తాయారు లేక మిగిలిన ముద్ద నూకాలుకే పెట్టేది. పెట్టిన ప్రతిసారీ ఆ ముద్ద ఎవరిదో ఆమెకు గుర్తొచ్చేది. కూతుర్ని చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

ఆశ్వయుజ మాసం వచ్చింది. గురునాథరావు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నాడు. ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి బట్టలుతికి పెందలాడే ఇంటికొచ్చేసరికి, తండ్రీ కూతురూ ఒకే కంచం ముందు కూర్చుని ఉన్నారు. నూకాలు మూతి చుట్టూ ఎర్రగా ఉంది. కంచంలో గంజన్నం, పక్కన నూనెలో మెరుస్తున్న రెండు ముక్కలు.

గౌరీశ్వరి చేతిలోని బట్టల మూట జారి కిందపడింది. "ఏటది?"

గురునాథరావు దొంగలా నవ్వాడు. "తిట్టకే. ఆకలాగలేదు. కర్ర ఊతంతో నిలబడి జాడీ దింపీసి మంచం కింద దాసినాను."

"ఎప్పుడు?"

"ఇరవై రోజులయ్యుంటాది. నువ్వు పనికెల్లినాక నానూ పిల్లా రోజూ ఒక ముక్క తింతన్నాం. ఒలే, ఇంత బాగున్న పచ్చడి అటక మీదెట్టి మా నోట్లో మట్టి కొట్టినావేటే? నీ చేత్తో పెట్టిన ఎండావకాయలన్నిట్లో ఇదే గొప్పది."

ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లోనే అతను కర్ర పట్టుకుని అడుగులు వేశాడు. నూకాలు బుగ్గలు కాస్త నిండాయి. గౌరీశ్వరి జాడీ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. పురుగు లేదు, బూజు లేదు, వాసన లేదు. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. పులుపూ కారం ఉప్పూ ఎక్కడిదక్కడ సరిగ్గా కుదిరాయి. ఆ ఉప్పు తాయారు చెప్పి వేయించిన చారెడు. అంతే, ఆమె జాడీని రెండు చేతులతో కావలించుకుని నేల మీద కూలబడింది. వీధి దాకా వినబడేలా ఏడ్చింది. "పచ్చడి తింటే ఇంతేడుపేటే?" అని గురునాథరావు కంగారు పడ్డాడు. అతనికి ఏమీ తెలియదు. ఆమె చెప్పలేదు కూడా.

మర్నాడే సీసాలో కొంత పచ్చడి పెట్టుకుని ద్వారకా నగర్ వెళ్లింది. ఆదిలక్ష్మమ్మగారు చెడ్డ మనిషేం కాదు. "పిల్ల బుద్ధిమంతురాలమ్మా. తీసుకెళ్తానంటే తీసుకెళ్లు, దాన్నే అడుగు" అని పెరటి వైపు చూపించారు. తాయారు నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. పొడుగైంది. జడ నున్నగా దువ్వి ఉంది. మనిషి మాత్రం అనుకున్నంత ఒళ్లు చేయలేదు. తల్లిని చూసి లేచి నిలబడింది, చేతులకంటిన బూడిద గౌనుకి తుడుచుకుంది.

"ఇంటికెల్పోదాం రాయే" అంది గౌరీశ్వరి.

"నాన్న పనిలోకెల్లినాడా?"

"ఇంకా లేదు. నడుత్తన్నాడు."

"మరి బియ్యం?"

"ఉన్నాయి."

"నలుగురికీ సరిపోతాయా?"

తిండి గింజల విషయంలో ఆ పిల్లకి అబద్ధం చెప్పి ఒప్పించడం కష్టం. నేర్పింది తనే కదా. గౌరీశ్వరి సీసా మూత తీసి, ఒక ముక్క కూతురి చేతిలో పెట్టింది. తాయారు నిలబడే తినేసింది, టెంక పెంకు దాకా చప్పరించింది. "అటక మీద జాడీలోదేనా?" అంది.

అప్పుడు గౌరీశ్వరి ఇక దాచలేకపోయింది. "ఆ రోజు వానలో తీసింది నానే తాయారూ. దూరంగా ఉండి ముట్టీసినాను. అంతా పురుగెట్టేత్తాదనుకున్నాను. నాన్నకి కీడనుకున్నాను. అందుకే నిన్ను పంపీసినాను. పాడవ్వలేదమ్మా. ఒక్క ముక్క కూడా పాడవ్వలేదు."

తాయారు వేళ్లకంటిన కారం నాకడం ఆపేసింది.

"నాను ఎక్కువ తింతన్నానని పంపీసినావనుకున్నాను" అంది. "అందుకే ఇక్కడ తక్కువ తింతన్నాను. వీళ్లు కూడా పంపేత్తారేమోనని."

గౌరీశ్వరి కూతుర్ని దగ్గరికి లాక్కోబోయింది. తాయారు రాలేదని కాదు, వచ్చింది, కాసేపు తల్లి పొట్టకి మొహం ఆనించి నిలబడింది. తర్వాత తనే విడిపించుకుంది.

"నానిప్పుడే రానమ్మా. నానొత్తే నూకాలికి తగ్గిపోద్ది. నాన్న పనిలోకెల్లినాక ఒచ్చి తీసుకెల్లు."

లోపలి నుంచి ఆదిలక్ష్మమ్మగారు, "తాయారూ, పాలు పొంగుతున్నాయి చూడమ్మా" అని పిలిచారు. "ఒత్తన్నానమ్మగారూ" అని చేతులు కడుక్కుని రెండడుగులు వేసి, మళ్లీ ఆగింది. సీసా తల్లి చేతిలోనే ఉంచి, దాని మూత తనే గట్టిగా బిగించింది.

"ఒచ్చే ఏడు మళ్లీ దూరమైనా ముట్టీసుకో అమ్మా. ఏం కాదు" అంది. "నూకాల్ని మాత్రం ఎక్కడికీ పంపకు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.